కాళ్ల మీద సన్న నరాలకు ఇంజెక్షనా, లేజరా? అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. రెండో కాన్పు తర్వాత తొడ బయటి వైపు, మోకాళ్ల వెనక, పిక్కల మీద ఎర్రవీ నీలంవీ సన్న నరాలు బాగా తేలాయి, సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతున్నాయి. ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్లతో పోతాయన్నారు, ఇంకోచోట లేజర్ అయితే నొప్పి ఉండదు అన్నారు. బాబుకి ఐదో నెల, ఇంకా పాలిస్తున్నారు. రెండు నెలల్లో ఫంక్షన్ ఉంది, ఆలోపు అయిపోతే బాగుండు అనుకుంటున్నారు. ఏది చేయించుకోవాలి, ప్రమాదమేమైనా ఉందా, మళ్లీ వస్తాయా అని అడిగారు.

నేను కాళ్ల సిరలకు చికిత్స చేసే డాక్టర్ని, ఈ ఇంజెక్షన్లు నాకు రోజువారీ పని. మొహమాటం లేకుండా చెప్తాను: మీకు ఇప్పుడు ఇంజెక్షనూ వద్దు, లేజరూ వద్దు. చికిత్స చెడ్డదని కాదు, చాలా మంచి చికిత్స. మీ విషయంలో టైమ్ కాదు, అంతే. పైగా ఆ రెండు క్లినిక్‌లూ మిమ్మల్ని పడుకోబెట్టి నిలబెట్టి చూశాయా, డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) గురించి మాట్లాడాయా అన్నది మీరు రాయలేదు. నాకు ఇంజెక్షనా లేజరా అన్నదాని కంటే అదే ముఖ్యమైన విషయం. ఎందుకో వివరంగా చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

చర్మం మీద కనిపించే ఈ సన్న గీతలు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ వెడల్పుండే రక్తనాళాలు. ఎర్రగా ఉన్నవి మరీ సన్నవి, ఊదా రంగువి కొంచెం పెద్దవి. వాటి పక్కనే, చర్మం కింద కాస్త లోతుగా, ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో 1 నుంచి 3 మిల్లీమీటర్ల నరాలు ఉంటాయి, ఉబ్బి కనిపించవు కాబట్టి చాలామంది వాటిని పట్టించుకోరు. 3 మిల్లీమీటర్లు దాటి, నిలబడితే ఉబ్బి మెలికలు తిరిగి కనిపించేవి వేరికోస్ వెయిన్స్. ఈ మూడూ వేరువేరు జబ్బులు కావు, చాలాసార్లు ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కాళ్లలో రక్తం కింది నుంచి పైకి ఎక్కాలి కదా, పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా పైకి నెడతాయి, మళ్లీ కిందికి జారకుండా సిరల లోపల చిన్న కవాటాలు అడ్డుపడతాయి. ఆ కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి కారి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి చివరికి చర్మంలోని సన్న నాళాల మీద పడి అవి వెడల్పై బయటికి కనిపిస్తాయి. గర్భంలో హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులవుతాయి, రక్తం పరిమాణం పెరుగుతుంది, కడుపులో బిడ్డ బరువు తుంటి దగ్గరి పెద్ద సిరల మీద పడుతుంది. ఇన్ని కలిశాక రెండో కాన్పుకి తేలడంలో ఆశ్చర్యం లేదు. అమ్మకో అమ్మమ్మకో ఉంటే ఇంకా ఎక్కువ. కాలు మీద కాలేసుకుని కూర్చోవడం వల్ల వచ్చాయేమో అని బాధపడేవాళ్లు చాలామంది ఉంటారు, దానివల్ల వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, ఆ అపరాధ భావం వదిలేయండి.

అందుకే ముందు పైన కనిపించే గీత కాదు, దానికి రక్తం పంపుతున్న నరం ఎక్కడుందో చూడాలి. వేరు వదిలేసి కొమ్మలు నరికితే ఎలా మళ్లీ చిగురిస్తాయో ఇదీ అంతే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో "ముందు ఒకచోట చేయించుకున్నాను, మళ్లీ వచ్చేశాయి" అనేవాళ్లకి నేను మొదట చేసేది కొత్త ఇంజెక్షన్ కాదు. నిలబెట్టి చూస్తాను, చర్మం మీద లైట్ పెట్టి కింద దాక్కున్న నీలం నరాన్ని వెతుకుతాను, చాలాసార్లు అది అక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోలేదు. తొడ బయటి వైపు విసనకర్ర ఆకారంలో విచ్చుకునే గుంపుల కింద ఇలాంటి నరం ఉండటం చాలా మామూలు.

అందరికీ డాప్లర్ కావాలా అంటే, అక్కర్లేదు. ఎక్కడో నాలుగు ఎర్ర గీతలున్నాయి, కాళ్లలో ఏ ఇబ్బందీ లేదు, నిలబడ్డా ఉబ్బే నరం ఏదీ లేదు అంటే పరీక్షించి నేరుగా చికిత్స మొదలుపెట్టొచ్చు. కానీ మీకు సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతున్నాయి అన్నారు. బరువు, లాగుడు, చీలమండ దగ్గర వాపు, దురద, రాత్రి పిక్కలు పట్టేయడం, చీలమండ లోపలి వైపు సన్న నరాలు గుంపుగా తేలడం, అక్కడ చర్మం నల్లబడటం, ఇంట్లో ఎవరికైనా వేరికోస్ వెయిన్స్, మీకు ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డకట్టడం, వీటిలో ఏ ఒక్కటున్నా డాప్లర్ చేయించాకే మాట్లాడాలి. అది కూడా నిలబెట్టి చేయాలి, పడుకోబెట్టి చేస్తే రక్తం వెనక్కి కారడం సరిగ్గా తెలియదు. పిక్కను నొక్కి వదిలాక చర్మానికి దగ్గరగా ఉండే సిరల్లో రక్తం అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి కారితే కవాటం దెబ్బతిన్నట్టు లెక్క. రిపోర్టులో గడ్డలు లేవు అని మాత్రమే రాసి ఇచ్చారంటే అది మీకు కావాల్సిన స్కాన్ కాదు. మీకు కావాల్సింది రిఫ్లక్స్, అంటే రక్తం వెనక్కి కారడం, ఉందా, ఏ సిరలో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది. పెద్ద సిరలో రిఫ్లక్స్ ఉంటే ముందు దాని సంగతి చూడాలి, పైపై గీతలు ఆ తర్వాత.

ఇక ఇంజెక్షన్ అంటే ఏం చేస్తారో చెప్తాను. దీన్ని స్క్లెరోథెరపీ అంటారు. చాలా సన్న సూదితో, మామూలుగా 30 గేజ్, నరం లోపలికి మందు పంపిస్తాం. మందు నరం లోపలి పొరను దెబ్బతీస్తుంది, గోడలు వాచి ఒకదానికొకటి అంటుకుంటాయి, నరం మూసుకుపోయి పీచులా మారుతుంది, దాన్ని శరీరమే కొన్ని వారాల్లో నెమ్మదిగా లోపలికి పీల్చేసుకుంటుంది. మరి ఆ నరం పోతే రక్తం ఎలా పైకి వెళ్తుంది అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు, మంచి ప్రశ్నే. కాళ్ల నుంచి గుండెకి వెళ్లే రక్తంలో అత్యధిక భాగం కండరాల మధ్య ఉండే లోతు సిరల గుండా పోతుంది. చర్మంలోని ఈ సన్న నాళాలు లేకపోయినా రక్త ప్రసరణకి వచ్చే లోటేమీ లేదు.

మందుల్లో ఎక్కువగా వాడేవి రెండు, పాలిడోకనాల్, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్. పాలిడోకనాల్‌ని 1936లో తయారుచేసింది మత్తుమందుగా, చర్మాన్ని మొద్దుబార్చడానికి. సిరల్ని మూసేస్తుందన్న సంగతి తర్వాత పనికొచ్చింది. అందుకే ఎక్కించేటప్పుడు పెద్దగా నొప్పి తెలియదు. అమెరికాలో 2010లో దీనికి సన్న నరాల కోసం అనుమతి వచ్చింది, యూరప్‌లో అంతకుముందు చాలా ఏళ్ల నుంచే వాడుతున్నారు. ఒక మిల్లీమీటరు లోపు నరాలకి 0.5 శాతం, 1 నుంచి 3 మిల్లీమీటర్ల వాటికి 1 శాతం, ఒక్కో చోట 0.1 నుంచి 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, చికిత్స బాగా జరగడం, చెడిపోవడం ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది. బలం తక్కువైతే నరం మూసుకోదు, ఎక్కువైతే నరం దాటి చుట్టూ ఉన్న చర్మం కూడా దెబ్బతింటుంది. గట్టిగా, గబగబా నొక్కి ఎక్కిస్తే కొత్త సన్న నరాలు పుట్టే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మీకు చేసే డాక్టరు ఏ మందు, ఎంత శాతం అన్నది అడగడంలో తప్పు లేదు, తొందరపడకుండా చెప్పే డాక్టరు దగ్గరే చేయించుకోండి. కొన్నిచోట్ల గాఢమైన ఉప్పునీరు కూడా వాడతారు, దానికి ఎలర్జీ రాదు, నిజమే, కానీ మంట, పిక్కలు పట్టేయడం ఎక్కువ, మందు నరం దాటి బయటికి కారితే పుండు పడే ప్రమాదం ఉంది. నేనైతే వాడను.

కొంచెం పెద్ద నరాలకు అదే మందుని గాలితో కలిపి నురగగా చేసి ఎక్కిస్తారు. రెండు సిరంజిలు, మధ్యలో చిన్న కవాటం పెట్టి అటూ ఇటూ నెట్టే పద్ధతిని టెస్సారి అనే ఇటలీ డాక్టరు 2000 సంవత్సరంలో ప్రచురించారు, ఇప్పుడు అందరూ చేసేది ఎక్కువగా అదే. నురగ రక్తంతో త్వరగా కలిసిపోదు కాబట్టి నరం గోడను ఎక్కువసేపు అంటి ఉంటుంది. మరీ సన్న గీతలకి నురగ అవసరం లేదు, ద్రవం చాలు. ఒక విషయం మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి, మీకు మైగ్రేన్ ఉన్నా, గుండెలో చిన్న రంధ్రం ఉందని ఎవరైనా చెప్పి ఉన్నా. నురగ తర్వాత కొందరికి కాసేపు కళ్ల ముందు మెరుపులు కనిపించడం, తలనొప్పి రావడం జరుగుతుంది, సాధారణంగా వాటంతట అవే తగ్గిపోతాయి, కానీ ఈ సంగతి ముందే తెలిస్తే జాగ్రత్త వేరుగా ఉంటుంది.

ఎలా ఉంటుంది అంటారా? ఒక సెషన్ అరగంట, కాస్త అటూ ఇటూ. ఒక్క ఇంజెక్షన్ అనుకుని వచ్చేవాళ్లుంటారు, ఒక కాలికే చాలా చోట్ల గుచ్చాల్సి వస్తుంది, ప్రతిదీ చిన్న చురుకు. మందు వెళ్తుంటే ఆ గీత తెల్లబడి మాయమవుతుంది, అది చూసి పేషెంట్లు సంబరపడిపోతారు, కానీ అప్పుడే సంబరపడొద్దని చెప్తాను, ఎందుకంటే కొద్ది నిమిషాల్లో అక్కడే ఎర్రగా దద్దుర్లు లేచి దురద పెడుతుంది, అది గంటలో సర్దుకుంటుంది. ఆ రోజు కాళ్లకు క్రీమో నూనో రాసుకోవద్దు, వదులు దుస్తులు వేసుకురండి, ఇంటికి వెళ్లే ముందు ఒక పది నిమిషాలైనా నడవండి.

ఇప్పుడు అసలైన మాట, చాలాచోట్ల సరిగ్గా చెప్పనిది. మొదటి కొన్ని వారాలు కాళ్లు ముందుకంటే అధ్వానంగా కనిపిస్తాయి. కమిలిన మచ్చలు, నరం ఉన్న చోట నల్లటి గీత, అక్కడక్కడ చేతికి తగిలే గట్టి ముద్దలు. సన్నవి తగ్గడానికి మూడు నుంచి ఆరు వారాలు, పెద్దవి తగ్గడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఒక్క సెషన్‌తో అయిపోయేది అరుదు, రెండు నుంచి నాలుగు సెషన్లు అనుకోండి, మధ్యలో కనీసం నాలుగు నుంచి ఆరు వారాల గ్యాప్. అంటే మీరు ఈ రోజే మొదలుపెట్టినా రెండు నెలల్లో ఫంక్షన్ వేళకు మీ కాళ్లు సరిగ్గా మధ్య దశలో, మచ్చలతో ఉంటాయి. "రెండు నెలల్లో క్లియర్ చేసేస్తాం" అని ఎవరైనా అన్నారంటే మీకు అనుకూలంగా ఉండే మాట చెప్పారు, అంతే. ఫంక్షన్‌కి మీకు కావాల్సింది నీటికి కరగని కవరప్ మేకప్, అది కాళ్లకు చక్కగా పనిచేస్తుంది, ఒకరోజు ముందే వేసి చూసుకోండి.

ఆ గట్టి ముద్దల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మూసుకున్న నరంలో కాస్త రక్తం చిక్కుకుపోయి గడ్డకడుతుంది. ఇది లోపలి సిరలో గడ్డకట్టే ప్రమాదకరమైన సమస్య కాదు, పైపైనే. కానీ దాన్ని అలాగే వదిలేస్తే అక్కడ గోధుమ రంగు మచ్చ మిగిలే అవకాశం పెరుగుతుంది. రెండు మూడు వారాలప్పుడు వస్తే సన్న సూదితో చిన్న రంధ్రం చేసి ఆ నల్లటి రక్తాన్ని పిండేస్తాం, నొప్పి వెంటనే తగ్గుతుంది, మచ్చ కూడా తక్కువ పడుతుంది. ఈ రెండో విజిట్ చాలామంది ఎగ్గొడతారు, ఇంకొన్ని క్లినిక్‌లు అసలు పిలవవు. మీరు చికిత్స ఎక్కడ చేయించుకున్నా, ఎన్ని సెషన్లు అని అడిగినట్టే "రెండు మూడు వారాలకి మళ్లీ చూస్తారా, గడ్డకట్టిన రక్తం తీస్తారా" అని కూడా అడగండి.

మచ్చ అంటే అది ఎందుకొస్తుందో తెలిస్తే డబ్బు వృథా కాదు. నరంలోంచి బయటికొచ్చిన రక్తంలోని ఇనుము చర్మంలో పేరుకుంటుంది, హీమోసిడరిన్ అంటారు. ఎండకు నల్లబడినప్పుడు పెరిగే మెలనిన్ వేరు, ఇది వేరు. అందుకే చర్మం తెల్లబరిచే క్రీములు దీని మీద పెద్దగా పనిచేయవు, కొన్ని ఉన్న చర్మాన్ని చికాకు పెడతాయి. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాది లోపు దానంతట అదే వెలిసిపోతుంది, కొద్దిమందికి ఏడాది దాటినా నిలిచిపోతుంది. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లలో వాపు వల్ల వచ్చే నలుపు కూడా దీనికి తోడవుతుంది కాబట్టి ఎండ నుంచి కాళ్లను కాపాడుకోవడం మరీ ముఖ్యం. కాన్పు తర్వాత ఐరన్ మాత్రలు వాడుతుంటారు కదా, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి, రక్తహీనత ఉంటే మచ్చ కన్నా అదే ముఖ్యం. మొటిమలకి మినోసైక్లిన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి, దానితో నల్లటి మరక పడే ప్రమాదం ఉంది.

ఇంకో దుష్ప్రభావం, చికిత్స చేసిన చోటే కొత్తగా చాలా సన్నటి ఎర్ర నాళాలు అలుముకోవడం, మ్యాటింగ్ అంటారు. మచ్చ కంటే దీనికే జనం ఎక్కువ బెంబేలెత్తుతారు, "పోగొట్టుకోవడానికి వెళ్తే కొత్తవి తెచ్చుకున్నాను" అని. మందు బలం ఎక్కువవడం, ఒక్కచోటే ఎక్కువ మందు ఎక్కించడం, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, బరువు ఎక్కువ ఉండటం, ఇవన్నీ కారణాలే, కానీ నేను మొదట అనుమానించేది కింద వదిలేసిన నరాన్నే. చాలావరకు కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఇలాంటప్పుడు తొందరపడి అదే చోట మళ్లీ గుచ్చొద్దు, కొన్నాళ్లు ఆగాలి, కింద ఏముందో వెతకాలి.

పెద్ద ప్రమాదాలు అరుదు, అయినా తెలిసి ఉండాలి. మందు చర్మంలోకి కారినా, చిన్న ధమనిలోకి పోయినా అక్కడ చిన్న పుండు పడుతుంది, నెమ్మదిగా మానుతుంది, మచ్చ మిగులుతుంది. తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు, కానీ జరిగితే నిమిషాల్లో స్పందించాలి, అందుకే అడ్రినలిన్, ఎమర్జెన్సీ కిట్ లేని చోట, డాక్టరు లేకుండా చేసే చోట ఈ ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. లోపలి సిరలో గడ్డకట్టడం కూడా అరుదే, అయితే మీకో, తల్లిదండ్రులకో, అక్కచెల్లెళ్లకో అన్నదమ్ములకో ఎప్పుడైనా గడ్డకట్టిందా, మీకు పదేపదే గర్భస్రావాలు అయ్యాయా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా, దగ్గర్లో దూరప్రయాణం ఉందా, ఇవన్నీ డాక్టరు అడగాలి, అడగకపోతే మీరే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటిని సొంతంగా మానకూడదు. ఇంజెక్షన్ తర్వాత ఒక్క కాలే బాగా వాచి పిక్క నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

లేజర్ సంగతి. ముఖం మీద సన్న నరాలకు లేజర్ నిజంగా బాగుంటుంది, అక్కడ మేము ఈ మందు ఎక్కించం. కాళ్ల మీద మాత్రం ఇంజెక్షనే మొదటి ఎంపిక, ఎందుకంటే కాళ్ల నాళాలు లోతుగా, వెడల్పుగా ఉంటాయి, ఒత్తిడి ఎక్కువ. కాంతిని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యంలో, తగినంత తక్కువ సమయం ఇస్తే చుట్టుపక్కల చర్మాన్ని వదిలి రక్తనాళాన్నే కాల్చొచ్చు అన్న సూత్రాన్ని ఆండర్సన్, పారిష్ 1983లో ప్రతిపాదించారు, ఇప్పటి లేజర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. చిక్కేమిటంటే రక్తంలోని హీమోగ్లోబిన్ పీల్చే కాంతిని చర్మంలోని మెలనిన్ కూడా పీలుస్తుంది. తరంగదైర్ఘ్యం తక్కువయ్యే కొద్దీ మెలనిన్ ఎక్కువ పీలుస్తుంది, అంటే ముదురు రంగు చర్మం కాలి బొబ్బలు, తెల్ల మచ్చలు, నల్ల మచ్చలు పడతాయి. అందుకని కాళ్లకు, ముఖ్యంగా చామనఛాయ వాళ్లకు, వాడదగ్గది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్, అది కూడా చర్మాన్ని బాగా చల్లబరుస్తూ, చేయి తిరిగిన వాళ్లు చేస్తేనే. 532 నానోమీటర్లది, ఐపీఎల్ అనే లైట్ మెషిన్లు ముదురు చర్మం ఉన్న కాళ్ల మీద నేను సమ్మతించను. నొప్పి ఉండదన్నది కూడా నిజం కాదు, ప్రతి షాట్‌కీ చురుక్కున కాలుతుంది, చాలామందికి ఇంజెక్షన్ కన్నా ఎక్కువే అనిపిస్తుంది. మరి ఎవరికి పనికొస్తుంది? సూది అంటే వణికిపోయే వాళ్లకు, మందు ఎలర్జీ ఉన్నవాళ్లకు, సూది కూడా దూరనంత సన్న ఎర్ర గీతలకు, తగ్గని మ్యాటింగ్‌కి. అప్పుడు కూడా కింది నరం సంగతి ముందు చూడాల్సిందే, దాన్ని పైపై లేజర్ మూసేయలేదు.

క్రీములు, నూనెలు, మసాజ్ మెషిన్లు గురించి ఒక్క మాటలో చెప్తాను, ఇప్పటికే వెడల్పైన నరాన్ని పైనుంచి రాసేది ఏదీ మూయదు. నడక, బరువు అదుపులో ఉంచుకోవడం కాళ్ల బరువును తగ్గిస్తాయి, కొత్తవి రావడాన్ని కొంత నెమ్మదింపజేయొచ్చు, ఉన్నవాటిని చెరిపేయవు.

మళ్లీ వస్తాయా అంటే, సరిగ్గా మూసుకుపోయిన నరం సాధారణంగా మళ్లీ తెరుచుకోదు. కానీ మీకు సిరలు వదులయ్యే తత్వం ఉంది, అది ఇంజెక్షన్‌తో పోదు, కాబట్టి ఏళ్లు గడిచే కొద్దీ వేరేచోట కొత్తవి రావొచ్చు. కొందరు ఒకటి రెండేళ్లకోసారి వచ్చి చిన్న టచప్ చేయించుకుంటారు, అది చికిత్స విఫలమైనట్టు కాదు. నూటికి నూరు శాతం నున్నటి కాళ్లు అనుకుని మొదలుపెడితే నిరాశే, దూరం నుంచి చూస్తే తెలియనంతగా తగ్గుతాయి అనుకుంటే సంతోషిస్తారు. ఇంకో బిడ్డను అనుకుంటున్నారా అన్నది కూడా ఆలోచించండి, ఏడాది రెండేళ్లలో అనుకుంటే ఆ కాన్పు అయ్యాక చేయించుకోవడమే తెలివైన పని.

మీ విషయానికి వస్తే. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో ఈ నరాలు కొన్ని వాటంతటవే తగ్గుతాయి, మీకింకా ఆ గడువు పూర్తి కాలేదు. ఇప్పుడే చేస్తే దానంతట అదే పోయే నరానికి కూడా సూది గుచ్చినట్టవుతుంది. పైగా పాలిచ్చే తల్లికి ఇలా అందం కోసం చేసే చికిత్సకు తొందరేమీ లేదు, మందు పాలల్లోకి వెళ్తుందేమో అన్న టెన్షన్ మీకూ వద్దు, నాకూ వద్దు. గర్భిణులకైతే అసలే చేయం. బాబు పాలు మానాక, మరో రెండు నెలలు ఆగి చేయించుకోండి, హార్మోన్లు కూడా సర్దుకుంటాయి.

డాప్లర్‌కి మాత్రం ఆగక్కర్లేదు. అది అల్ట్రాసౌండే, పాలకూ బిడ్డకూ ఏమీ కాదు, మీకు కాళ్లు బరువెక్కుతున్నాయి కాబట్టి ఈ నెలలోనే చేయించండి. నిలబెట్టి చేయమని, రెండు కాళ్లలోనూ రిఫ్లక్స్ చూడమని అడగండి. రిపోర్టులో పెద్ద సిరలో రిఫ్లక్స్ అని వస్తే స్కిన్ క్లినిక్‌కి కాకుండా వాస్కులర్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఏమీ లేదు అని వస్తే మీ పని సులువైంది, మిగిలింది ఓపిక పట్టడమే.

ఈలోపు కాళ్లను బిగించి పట్టే కంప్రెషన్ స్టాకింగ్స్ వేసుకోండి, సాయంత్రపు బరువు వారం తిరక్కుండానే తగ్గుతుంది చాలామందికి. మోకాలి దాకా వచ్చేవి చాలు, మొదట 15 నుంచి 20 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడివి. తర్వాత ఇంజెక్షన్లు చేయించుకున్నప్పుడు 20 నుంచి 30వి, చికిత్స తొడ మీదైతే తొడ దాకా వచ్చేవి, డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోవాలి, కొందరు కొన్ని రోజులంటారు, కొందరు మూడు వారాలంటారు, నేను మూడు వారాల వైపే. పొద్దున మంచం దిగకముందే, కాళ్లు వాచకముందే తొడుక్కోవాలి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. సైజు అంచనాగా కొనొద్దు, చీలమండ దగ్గర, పిక్క లావున్న చోట టేపుతో కొలిపించుకుని కొనండి, పైఅంచు మడతపడి మోకాలి కింద బిగిసిందంటే మేలు కన్నా కీడే ఎక్కువ. పాదాల్లో రక్త ప్రసరణ సరిగ్గా లేదని ఎవరైనా చెప్పి ఉంటే, షుగర్‌తో పాదాలు మొద్దుబారి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించకుండా వేసుకోవద్దు. ఇంకా, ఇప్పుడే వెలుతురు బాగున్న చోట రెండు కాళ్లూ ఫోటోలు తీసి పెట్టుకోండి, ముందు, వెనక, పక్కల నుంచి. పాలు మానిపించాక అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఏవి తగ్గాయో, ఏవి నిలిచిపోయాయో మీకే తెలుస్తుంది, సూది అవసరమయ్యేది ఆ మిగిలినవాటికే.